గుడి – గడీ – సైకిలు

హంగరీ దేశపు పల్లెలలో వేసవి వచ్చినదనగా సైకిళ్ల గంటలు వినిపించును. పట్నములనుండి విద్యార్థులు, గుమాస్తాలు, ఉద్యోగము విరమించిన వృద్ధదంపతులు సైతము సైకిళ్లెక్కి, పొద్దుతిరుగుడు చేల నడుమ, ద్రాక్షతోటల ప్రక్కన, ఊరినుండి ఊరికి సాగిపోవుదురు. వారు చూడబోవునవి మహానగరములు కావు. ఒక ఊరిలో ఏడెనిమిది వందల ఏండ్లనాటి చిన్న రాతి చర్చి; ఇంకొక ఊరిలో ఒకప్పటి భూస్వామి నివసించిన మేడ. ఆ మేడలను అచ్చటివారు కష్తేయ్ అందురు. చెట్టునకు సైకిలు ఆనించి, తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఊరివారిని విచారించి, తలుపు తీయించుకొని, లోపల కొంతసేపు కూర్చుండి, మరల బయలుదేరుదురు. ప్రొద్దు క్రుంకునప్పటికి నాలుగైదు ఊళ్లు చూచినవారగుదురు.

ఈ ముచ్చట విన్న తెలుగు ఉపాధ్యాయునకు కలుగవలసినది ఆశ్చర్యము కాదు, కొంచెము సిగ్గు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో చదువుకొను విద్యార్థికి తాజమహలు ఎవరు కట్టించిరో తెలియును. తన ఊరికి రెండు క్రోసుల దూరమున నున్న గుడిని ఎవరు కట్టించిరో తెలియదు. తన ముత్తాతను వెట్టికి పిలిపించిన గడీ ఏ దిక్కున నున్నదో అసలే తెలియదు. తెలియకపోవుట వాని తప్పు కాదు. వానిని అచ్చటికి తీసికొనిపోయినవారు లేరు. ఏటేట విహారయాత్ర పేరున ఒక బస్సు మాట్లాడి, కోడికూతవేళ పిల్లలను ఎక్కించి, హైదరాబాదులో జంతుప్రదర్శనశాలయు, సాలార్‌జంగు మ్యూజియమును చూపించి, అర్ధరాత్రివేళ దింపుటతో బడి బాధ్యత తీరిపోవుచున్నది. పిల్లలు ఆనందింతురు, సందేహము లేదు. కాని ఆ ఆనందమునకును తమ ఊరికిని సంబంధము లేదు.

జనగామనుండి భూపాలపల్లి వరకు గల నేలలో పదవ శతాబ్దపు శాసనము మొదలు ఇరువదవ శతాబ్దపు చర్చివరకు చూడదగినవి చాల ఉన్నవి. ఉన్నత పాఠశాలలును, జూనియరు కళాశాలలును తమ విద్యార్థులను సైకిళ్లపై అచ్చటికి నడిపించవలెను. ఇంతవరకు చెప్పినచో ఎవరును కాదనరు. ఆ చూడదగినవాటిలో గుడులతోపాటు గడీలను కూడ చేర్చవలెనన్నప్పుడే చిక్కు వచ్చును. గుడి చూపుదము, చర్చియు చూపుదము, దొరల గడీ పిల్లలకెందుకు అని అడుగువారు ఉపాధ్యాయులలోనే కలరు. ఈ నాలుగు మాటలు ముఖ్యముగా వారికొరకే.

ముందు సైకిలు సంగతి. బస్సు చాలదా యని అడుగవచ్చును. చాలదు. బస్సు ఒక వాకిటినుండి ఇంకొక వాకిటికి చేర్చును. నడుమనున్న నేలను మింగివేయును. కాకతీయుల నాటి ఊరిని గ్రహించుటకు ఆ నడిమి నేలయే ముఖ్యము. గుడి, గుడి ప్రక్కన చెరువు, చెరువు క్రింద పొలము, ఈ మూడును కలిసినప్పుడే ఊరు. గుడిలోని రాతిబొమ్మను చూచి బస్సెక్కినవాడు మూడింట ఒక వంతే చూచినవాడు. సైకిలు తొక్కువానికి భూమి ఎత్తుపల్లములు కన్నులకంటె ముందు పిక్కలకు తెలియును. మెరక ఎక్కి దిగగానే చల్లనిగాలి తగిలి, ఎదుట చెరువుకట్ట కనిపించినప్పుడు, ఆ కట్టను అచ్చటనే ఎందుకు పోసిరో ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు. పైగా సైకిలు పేదవాని వాహనము. పల్లెలలో బడికి సైకిలుపై వచ్చు బాలబాలికలు నేటికిని కలరు. లేనివారికి మేనమామ యింటనో పొరుగింటనో దొరకును. బస్సుయాత్రకు డబ్బు కట్టలేక ఇంట నిలిచిపోవు పిల్లవాడు సైకిలుయాత్రలో ముందు వరుసలో నుండును. ఇది చిన్న విషయము కాదు.

యాత్రను పాలకుర్తితో ఆరంభించుట మేలు. ఊరి గుట్టపై సోమేశ్వర, లక్ష్మీనరసింహస్వాముల సన్నిధి. తెలుగు చదివినవానికి ఆ ఊరి పేరు వినగానే సోమనాథుడు తలపునకు వచ్చును. సంస్కృత వృత్తములకు పెద్దపీట వేసిన కాలమున ద్విపదను చేపట్టి బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును రచించిన కవి ఆతడు. బసవపురాణములోని భక్తులలో కాయకష్టము చేసి బ్రతుకువారు ఎందరో కలరు. బట్టలుతుకు మడివాలు మాచయ్య కథ వారి కథలలో నొకటి. చాకలివానిని కావ్యమున కెక్కించి, రాజుల సరసన కాదు, వారికంటె ఎత్తున నిలిపిన ధైర్యము ఆ కవిది.

అదే పాలకుర్తిలో కొన్ని శతాబ్దముల తరువాత చాకలి ఐలమ్మ యుండెను. కౌలుకు తీసికొన్న నాలుగెకరముల పొలములో పంట పండినది. దేశముఖు మనుషులు ఆ పంటను ఎత్తుకొనిపోవ వచ్చిరి. ఐలమ్మ బెదరలేదు. ఆంధ్రమహాసభ సంఘమువారి అండతో ధాన్యమును తన యింటికే చేర్చుకొన్నది. 1940 తరువాతి ఆ సంవత్సరములలో, ఆ తాలూకాలో, ఒక చాకలి స్త్రీ ఇట్టి పని చేయుట ఎంతటిదో నేటి పిల్లలకు వివరించి చెప్పవలసియే యుండును. ఆమె 1985లో మరణించెను. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి.

సోమనాథుని కవితకును ఐలమ్మ తెగువకును కార్యకారణ సంబంధము కలదని అన్నచో పరిశోధకులు ఒప్పుకొనరు. ఒప్పుకొననక్కరలేదు. కాని ఒకే గుట్టనీడను కూర్చుండి ఒక పూటలో ఈ రెండు కథలును చెప్పుకొను భాగ్యము తెలుగు ఉపాధ్యాయునకు మరియొకచోట దొరకుట కష్టము. తరగతిగదిలో ఒకటి తెలుగు వాచకమున, రెండవది సాంఘికశాస్త్రమున, వేరువేరు గంటలలో, వేరువేరు పంతుళ్లు చెప్పుదురు. ఊరిలో అవి వేరుగా లేవు.

పాలకుర్తికి చేరువనే బమ్మెర. పోతన ఈ ఊరివాడు కాడు, ఒంటిమిట్టవాడని వాదించిన పండితులు కలరు. ఆ తగవునకు ఒకప్పుడు పత్రికల పుటలు చాల ఖర్చయినవి. పిల్లలకు దానితో పనిలేదు. కావ్యమును నరులకు కాక దేవునికి అంకితము చేసి, నాగలి పట్టి బ్రతికెనని జనులు చెప్పుకొను కవి పేరు ఇంటిపేరుగా నిలుపుకొన్న ఊరిలో, పొలముగట్టున కూర్చుండి చద్దిమూట విప్పుకొనినచో చాలును.

అచ్చటినుండి విసునూరు. ఇచ్చటనే ఉపాధ్యాయుని అసలు పరీక్ష మొదలగును.

గడీ యనగా పెద్ద యిల్లు మాత్రమే కాదు. ఎత్తైన ప్రహరీగోడ, ఏనుగు పోదగిన వాకిలి, మూలల బురుజులు, లోపల మండువాలు, ధాన్యపు కొట్లు, కచేరీ సావడి. తీర్పు చెప్పునది అచ్చటనే; శిక్ష వేయునది అచ్చటనే; అప్పుపత్రములు దాచునది అచ్చటనే. చాకలి బట్టలుతికి యిచ్చును, కుమ్మరి కుండలిచ్చును, గౌడు కల్లు దింపి యిచ్చును, మాదిగ చెప్పులు కుట్టి యిచ్చును, కూలి లేదు. దానికి వెట్టి యని పేరు. నిజాము రాజ్యమున విసునూరు దేశముఖు అధీనమున నుండిన భూమి 40,000 ఎకరములని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథమున లెక్క చెప్పెను. ఎకరమనగా ఎంతయో తెలిసిన రైతుబిడ్డకు ఆ అంకె చెప్పి, గడీవాకిట నిలుచుండబెట్టవలెను. పుస్తకమున నలువదివేలు అను మాట కన్నుల ముందునుండి జారిపోవును. గోడ ఎత్తు చూచినప్పుడు జారిపోదు.

దేవరుప్పుల మండలములోని కడవెండి ఆ తరువాతి మజిలీ. ఆ ఊరిలోను దేశముఖు కుటుంబపు గడీ యుండెను. 1946 జులై 4న సంఘము ఊరేగింపుపై దొర మనుషులు తుపాకులు పేల్చిరి. దొడ్డి కొమరయ్య అను యువకుడు నేలకొరిగెను. ఆ కాలమున జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండినది. ఆ ఒక్క మరణముతో తెలంగాణ రైతుపోరాటము వేరొక మలుపు తిరిగినదని చరిత్రకారులు వ్రాసిరి. ఆ వీధిలో నేడు పిల్లలు బంతి యాడుకొందురు. మంచిదే.

ఇట్టి గడీలను ఏమి చేయవలెనను ప్రశ్నకు రెండు సమాధానములు తరచు వినవచ్చును. అవి దాస్యచిహ్నములు, కూలిపోనిండు అనునది ఒకటి. ఈ మాట అనువారి కడుపుమంట అర్థము చేసికొనవలసినదే. వారి పెద్దలు ఆ వాకిట చెప్పులు విడిచి, నడుము వంచి, బాంచెనని పలికినవారు. రెండవది ఇప్పటి వ్యాపారుల మాట. వాటికి సున్నము కొట్టి, దీపాలంకారము చేసి, విలాసపు హోటళ్లుగా మార్చి, పట్నపువారికి ఒక రాత్రి దొరతనమును అద్దెకిత్తమనునది. ఈ రెండు మాటలును వినుటకు విరుద్ధములుగా తోచును. ఫలితము మాత్రము ఒక్కటే. కూల్చినచో సాక్ష్యము పోవును. హోటలు చేసినచో సాక్ష్యము అబద్ధము చెప్పును. మూడవ గతి యొకటి కలదు. అది ఎవరును కోరకుండనే జరుగుచున్నది. టేకు దూలములు ఒక ఏడు, ద్వారబంధములు ఒక ఏడు, రాళ్లు ఒక ఏడు అమ్ముడుపోవును. వానలు మిగిలిన పని చేయును.

హంగరీవారి అనుభవము ఇచ్చట పనికివచ్చును. ఆ దేశమున భూస్వాముల కొలువులో మగ్గిన రైతులకు 1848లో చట్టరీత్యా విడుదల లభించినది. పెద్ద కమతములు మాత్రము మరి నూరేండ్లవరకు నిలిచినవి. 1945లో భూసంస్కరణ వచ్చి ఆ కమతములు చీలినవి. మేడలు ప్రభుత్వపరమయ్యెను. కొన్నింటిలో బడులు పెట్టిరి, కొన్నింటిలో అనాథబాలల వసతిగృహములు, కొన్నింటిలో వైద్యశాలలు, మరికొన్నింటిలో సహకార వ్యవసాయక్షేత్రపు కచేరీలు. పట్టించుకొనువారు లేక శిథిలమైనవియు చాలనే. గడచిన మూడు నాలుగు దశాబ్దములలో బాగుచేసినవాటిలో కొన్ని మ్యూజియములు, కొన్ని హోటళ్లు అయినవి. హైదరాబాదు రాజ్యమునను కాలము ఇంచుమించుగా అదే. 1949లో జాగీరుల రద్దు, 1950లో కౌలుదారుల చట్టము. అయితే అచ్చటి పిల్లలు సైకిలు దిగి మేడలోనికి పోవుచున్నారు. ఇచ్చటి పిల్లలు గడీగోడ ప్రక్కగా, అదేమో తెలియకయే, బడికి పోవుచున్నారు. భేదము డబ్బులో లేదు.

తెలంగాణమునను కొన్ని గడీలలో బడులు, కచేరీలు నడచినవి. వెట్టివాని మనుమడు దొరగారి సావడిలో నేలపై కూర్చుండి ఓనమాలు దిద్దిన దృశ్యముకంటె గొప్ప ప్రతీకారము ఏ కవియు ఊహించియుండడు. నిలిచియున్న గడీలలో కొన్నింటినైనను ఊరి గ్రంథాలయములుగా, ఆ ఊరి చరిత్రను తెలుపు చిన్న మ్యూజియములుగా మార్చవచ్చును. అది ప్రభుత్వము చేయవలసిన పని; ఎప్పటికగునో. ఉపాధ్యాయుడు అంతవరకు కాచుకొననక్కరలేదు. సైకిళ్లు బయటకు తీయుటకు ఏ శాసనసభ ఆమోదమును అక్కరలేదు.

తొందరపడుటకు వేరొక కారణము కలదు. 1946లో పదేండ్ల పిల్లవాడు నేడు తొంబదికి చేరువలో నుండును. గడీలో నీళ్లు మోసినవారు, దొర దొడ్డిలో పసులు కాచినవారు, తల్లి వెంట వెట్టికి పోయినవారు ఇంకను అచ్చటచ్చట మిగిలియున్నారు. మరి కొన్ని ఏండ్లకు ఉండరు. గోడలు ఇంకొక వంద ఏండ్లు నిలిచినను ఆ గొంతులు నిలువవు. కావున యాత్రలో ప్రతి విద్యార్థి చేతను ఒక నోటుపుస్తకము ఉండవలెను. చెట్టుక్రింద కూర్చున్న ముసలాయన చెంతకు పోయి, తాతా యని పిలిచి, అడిగి, చెప్పినది చెప్పినట్లు, ఆయన పలికిన తెలంగాణ పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. పంతులుగారి వ్యాకరణము ఆ పుటలపై వ్రాలరాదు. నాగు అనగా నేటి విద్యార్థికి పాము మాత్రమే. విత్తనమునకో తిండికో తెచ్చుకొని, పంటనాడు వడ్డీతో కొలిచి యిచ్చు ధాన్యపు అప్పు అని తాతకు తెలియును. వెట్టి, నాగు, నజరానా, లెవీ గల్లా, ఇవి నిఘంటువుల మూలలలో పడియున్న మాటలు. వాటి బరువు మోసినవాని నోటినుండి వినుట వేరు.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఒకే తరగతిలో దొర వంశపు బిడ్డయు, వెట్టివాని వంశపు బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండవచ్చును. గడీవాకిట నిలిచి మాటలాడునప్పుడు ఉపాధ్యాయుడు ఒక బిడ్డను తలదించుకొనునట్లు చేయరాదు. అట్లని జరిగినదానిని చప్పగా చెప్పి తప్పించుకొనను రాదు. వ్యవస్థ యొకటి, ఆ బిడ్డ యొకరు. ఈ నేర్పు బోధనాభ్యసన పుస్తకములలో దొరకదు.

జనగామ వైపు మరలునప్పుడు రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపురము చూచుట మరువరాదు. గౌడకులమున పుట్టి, మొగలుల కాలమున సేన కూర్చుకొని, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మరణశిక్షకు గురియైన సర్వాయి పాపన్న కోట అది. అమెరికా చరిత్రకారుడు రిచర్డు ఈటను దక్కను సాంఘిక చరిత్ర వ్రాయుచు ఎన్నుకొన్న కొద్దిమంది వ్యక్తులలో పాపన్న ఒకడు. పాపన్నను గూర్చి అమెరికాలో చదువుకొనుచున్నారని వినినప్పుడైనను ఇచ్చటి బడిపిల్లలు ఆ బురుజెక్కి చూతురేమో!

మహబూబాబాదు వైపు దారి వేరు. ఊరివారి నోట నది మానుకోట. అచ్చటికి కొద్ది దూరమున కురవి. శివరాత్రి జాతరకు పోయి వీరభద్రస్వామిని దర్శించినవారు ఆ చుట్టుపట్ల కోకొల్లలు. కొరవి శాసనము సంగతి ఎరిగినవారు అరుదు. పదవ శతాబ్దమునకు చెందినదని పండితులు నిర్ణయించిన తెలుగు గద్య శాసనమది. నన్నయకు ముందు తెలుగు వచనమెట్లుండెనని ప్రశ్నపత్రమున అడుగుదురు, మార్కులు వేయుదురు. ఆ ప్రశ్నకు జవాబు తమ ఇలవేల్పు ఊరి పేరనే యున్నదని విద్యార్థికి చెప్పినవారు లేరు.

కురవినుండి డోర్నకలు చేరినచో రైలుకూత వినిపించును. బొగ్గుగనుల వైపు మార్గము చీలు కూడలి యది. అచ్చటి చర్చిని చూచినవాడు మొదట ఇది చర్చి యగునా యని తడబడును. మసీదులను తలపించు గుమ్మటములు, దేవాలయములను తలపించు స్తంభములు, వాటి నడుమ సిలువ. దీనిని కట్టించినది వేదనాయకము శామ్యూలు అజరయ్య. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన తమిళుడు. ఆ సీమ క్రైస్తవులు తామే చందాలు వేసికొని 1903లో ఒక మిషనరీ సంఘము స్థాపించి, డోర్నకలు ప్రాంతమును తమ సేవాక్షేత్రముగా ఎంచుకొనిరి. అజరయ్య తెలుగు నేర్చుకొని ఇచ్చటి మాల మాదిగ వాడలలో తిరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికను సభలో ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. అంతకు రెండేండ్లకు ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి, మీరు మాకు ధర్మము చేయుచున్నారు, త్యాగములు చేయుచున్నారు, కాని స్నేహము చేయలేదు అను భావము తెల్లదొరల ముఖముననే పలికెను. సభ నివ్వెరపోయినదందురు.

అట్టివాడు తన చర్చిని ఇంగ్లండు నమూనాపై కట్టించునా? 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ఈ చర్చి ప్రతిష్ఠ జరిగినది. ఈ దేశపు దేవుని యిల్లు ఈ దేశపు రూపముననే యుండవలెనని రాతితో వాదించిన వాదమది. ఆరేండ్లకు, 1945 జనవరి 1న, ఆయన డోర్నకలులోనే కన్నుమూసెను. పిల్లలకు చెప్పదగిన ఇంకొక విశేషము: ఈ బిషప్పు తన విశాలమైన అధ్యక్షమండలమును ఎడ్లబండిపైనను, సైకిలుపైనను తిరిగి చూచెడివాడు. తరచు ఆయన సతి అన్బు మరియమ్మాళ్ వెంట నుండెడిది. గడీ వాకిట నడుము వంచినవారి వాడలకు ఒక బిషప్పు సైకిలుపై వచ్చి దిగుట ఆనాటి జనులకు ఎట్లు తోచియుండును! మతముల మంచిచెడుగులు తర్కించుట ఈ యాత్ర పని కాదు. ఎవరి వాకిట ఎవరు నిలిచిరి, ఎవరి గుమ్మములోనికి ఎవరికి ప్రవేశముండెను అను ప్రశ్నను గుడివద్దను, గడీవద్దను, చర్చివద్దను సమానముగా అడుగుట నేర్పినచో చాలును.

భూపాలపల్లి జిల్లాలో చూడవలసినవి దూరదూరముగా నున్నవి. గణపురము కోటగుళ్లు వాటిలో తలమానికము. కాకతి గణపతిదేవుని కాలపు 22 గుళ్ల సముదాయము. ఏనుగుపై లంఘించు సింహపురూపముల పనితనము చూచి తీరవలెను. ప్రక్కనే గణపసముద్రము. పాలంపేట రామప్పగుడి ఇచ్చటికి గంట సైకిలు ప్రయాణపు దూరమున, 2019నుండి వేరుపడిన ములుగు జిల్లాలో నున్నది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు రాగా అచ్చట బస్సులు, కార్లు, ఛాయాచిత్రగ్రాహకులు. గణపురమునకు ఆ వైభవములో ఇంతయు అందలేదు. అదియును ఒకందుకు మేలే. పిల్లలు నిదానముగా చూడవచ్చును. ఓపికగలవారు చిట్యాల మండలములోని నైనపాకకు పోవచ్చును. నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు గల ఆ గుడిలో ఒకే రాతికి నాలుగువైపుల విష్ణురూపములు చెక్కియున్నవి.

రామప్పగుడి శాసనము 1213 నాటిది. కట్టించినవాడు రాజు కాడు, రేచెర్ల రుద్రుడను సేనాని. ఇంచుమించుగా ఆ దశాబ్దములలోనే హంగరీ పశ్చిమ సరిహద్దున యాక్ అను పల్లెలో ఒక ప్రభువంశపువాడు తన వంశమఠముగా ఒక చర్చి కట్టింప పూనుకొనెను. 1256లో దానికి ప్రతిష్ఠ జరిగినది. జంట గోపురములు, వాకిలిపై క్రీస్తును, శిష్యులను చెక్కిన రాతిపని. సైకిలుయాత్రికులు నేటికిని దానికై వెదకికొనిపోవుదురు. ఒకరి పేరు ఒకరు వినని ఇద్దరు సామంతులు, ఒకే కాలమున, భూమిశిస్తు సొమ్ముతో, పేరు తెలియని శిల్పుల చేతులతో రాతిలో పుణ్యమును, కీర్తిని కూడబెట్టుకొనిరి. ఈ పోలిక పదవ తరగతి విద్యార్థికి చెప్పి, తక్కినది వానికే వదలిపెట్టవచ్చును. గుడికిని గడీకిని పోలిక కలదా యని వాడే అడుగును. అడిగిననాడు ఉపాధ్యాయుడు జవాబు తడుముకొనినను నష్టము లేదు.

ఇక ఆచరణ. భూపాలపల్లి బొగ్గుసీమ. పరకాలనుండి కాళేశ్వరమునకు పోవు పెద్దరోడ్డుపై లారీలు కన్నుగానక పోవును. ఆ దారిని పిల్లలను సైకిళ్లపై నడిపించుట నేరము. ఊరిదారులే పట్టవలెను, చుట్టయినను సరే. కాళేశ్వరమునకు బస్సుపైననే పోవలెను. పదునైదుగురికి మించి పిల్లలు వలదు. ఇద్దరు ఉపాధ్యాయులు, ఒకరు ముందు, ఒకరు వెనుక. బాలికలు తప్పక ఉండవలెను. తల్లిదండ్రులు వెనుకాడినచో ఉపాధ్యాయిని ఇంటింటికి పోయి మాటలాడవలెను. ఐలమ్మ ఊరికి బాలురను మాత్రమే తీసికొనిపోవుట కంటె ఎగతాళి వేరొకటి లేదు. రాతిపై మేకుతో పేరు గీకినవాని సైకిలు ఒక వారము బడిలోనే నిలిపివేయవలెను. గుప్తనిధులకై గుడి గర్భమును త్రవ్వువారు పెద్ద దొంగలు, పేరు గీకువారు చిన్న దొంగలు. చిన్నతనముననే చెప్పుట మంచిది. పాడుపడిన గడీలో మేడమెట్లు ఎక్కనీయరాదు. పాములు కూడ ఉండును. గడీకి వారసులున్నచో ముందుగా అడిగియే లోనికి పోవలెను. కాదన్నచో వాకిటినుండియే చూడవలెను.

కార్తికమునుండి పుష్యమువరకు కాలమనుకూలము. జనగామ సైకిళ్లను ముందురోజు సాయంకాలమే పాలకుర్తి బడికి చేర్చి, పిల్లలను తెల్లవారుజామున ఆరింటికి గుట్టయెద్ద కలిసికొనినచో, తొమ్మిదింటికి బమ్మెర, పదునొకండింటికి విసునూరు. కడవెండిలో పెద్దలు భోజనములు ముగించి అరుగులపైకి వచ్చు వేళకు అచ్చట నుండవలెను. మాటలకు తీరిక అప్పుడే. పంచరు అతుకు సామాను ఇద్దరి సంచులలోనైనను ఉండవలెను. తుమ్మముండ్లు ఆ దారులలో చాల.